దువ్వాడ షెడ్డులో కారు కట్టిన రోజులు

"అన్నయ్యా, మీ బావ ఇంట్లో కారు కడతాడంట. ఓపాలొచ్చి సూడండి."

ఆదివారం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే వచ్చిన ఫోను అది. చేసినావిడ మా కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేసి అప్పుడే రిటైరైన నా స్నేహితుడి భార్య. సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చిన్న విషయాలకి ఫోను చేసే మనిషి కాదు.

"కారు కొంటాడా అమ్మా? మంచిదే కదా," అన్నాను.

"కొండం కాదన్నయ్యా, కట్టడం. ఇల్లు కట్టినట్టు. పెరట్లో షెడ్డు నిండా ఇనప సామాను దింపించీసినాడు."

నిద్ర ఎగిరిపోయింది. చొక్కా తొడుక్కుంటుంటే మా ఆవిడ అడిగింది, ఆదివారం కూడా డ్యూటీయేనా అని. ఏమని చెప్పను? నిజానికి ఆ రోజు మొదలైంది డ్యూటీయే. జీతం లేనిది.

నేను ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పనిచేశాను. మా విభాగం వాడెవడైనా వస్తున్నాడంటే చాలు, హెల్మెట్లన్నీ చంకల్లోంచి నెత్తిమీదకి ఎక్కేవి. దాటిపోగానే మళ్ళీ చంకల్లోకి దిగేవి. ఏళ్ళ తరబడి నా వీపు వెనక ఏం జరుగుతుందో తెలిసీ తెలియనట్టు నడిచాను. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు కలిసినప్పుడల్లా నన్ను అడుగుతారు, మీ సర్వీసులో గుండె ఆగినంత పనైన రోజు ఏదని. కరిగిన ఉక్కు గురించో, పేలిన పైపుల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. ఆ రోజు కర్మాగారంలో రాలేదు. దువ్వాడ స్టేషనుకి కాస్త దూరంలో, కోళ్ళు తిరిగే ఒక పెరట్లో వచ్చింది.

ముందు ఆ పెరటి యజమాని గురించి చెప్పాలి.

మాకు చుట్టరికం లేదు. వాళ్ళది తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం, ఈ ఊరివాళ్ళే. మా నాన్న పోర్టులో ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి ఇక్కడికి చేరాడు. నేను కర్మాగారంలో చేరిన కొత్తలో, తల ఎత్తి చూస్తూ నోరు తెరుచుకుని నిలబడితే, పైన క్రేన్ కేబిన్‌లోంచి దిగివచ్చి, "ఏటి బావా, కొత్తేటి? నోరు మూసుకో, దుమ్మెల్పోద్ది," అన్నాడు. ఆ బావ అనే పిలుపు అలాగే ఉండిపోయింది. అతనికి పెళ్ళయ్యాక వచ్చిన ఆవిడ, భర్తకి బావ అయినవాడు తనకి అన్నే కదా అని లెక్కవేసి నన్ను అన్నయ్యా అనడం మొదలుపెట్టింది. అలా ఆ ఇంట్లో నాకు రెండు వైపులా బంధుత్వం కుదిరింది.

క్రేన్ మీద అతనంత నమ్మకమైన చెయ్యి నేను చూడలేదు. ఒకసారి పెద్ద బరువు ఎత్తి ఉన్నప్పుడు, కింద గీత దాటి ఒక కాంట్రాక్టు మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని అడ్డంగా నడుస్తున్నాడు. ఇతను బరువుని గాల్లోనే ఆపేశాడు. షిఫ్టు ఇన్‌ఛార్జి కిందనుంచి చేతులూపి కేకలు వేస్తున్నాడు, ఆలస్యమైపోతోందని. ఇతను కేబిన్‌లోంచి తల బయటపెట్టి, "కింద మడిసున్నాడు. ఆడెల్లేదాకా నాను కదపను. కావాలంటే నువ్వొచ్చి కూకో," అన్నాడు. ఆ డబ్బా మనిషి అవతలి గీత దాటాకే హుక్కు కదిలింది. ఆ సంగతి నేను ప్రతి కొత్త బ్యాచికీ శిక్షణలో చెప్పేవాణ్ణి.

అలాంటి మనిషి ఇంటి షెడ్డులోకి ఆ ఆదివారం అడుగుపెట్టాను.

రేకుల షెడ్డు. మధ్యలో ఒక పాత చిన్న కారు అస్థిపంజరం. పైన బాడీ లేదు, తలుపుల్లేవు. తుక్కు దుకాణంలోంచి తెచ్చాడు. ఇంజిన్ వేరే బండిది, మూలన గోనెసంచి మీద పడుకుని ఉంది. దాని పక్కనే పాత పెట్రోలు ట్యాంకు, మూత లేకుండా. ట్యాంకుకి గోడ అవతలే వేడినీళ్ళ కట్టెల పొయ్యి. ఇంటి ముందు గదిలోంచి కిటికీ మీదుగా లాగిన వైరుకి మూడుచోట్ల టేపు చుట్టి ఉంది. ఆ వైరు చివర గ్రైండరు. గ్రైండరు పట్టుకుని మా క్రేన్ ఆపరేటరు. ఒంటిమీద బనీను, లుంగీ. కాళ్ళకి హవాయి చెప్పులు.

"రా బావా రా! సూడు, ఎలగుంది?"

"ముందు అది కింద పెట్టు," అన్నాను.

"ఏటి?"

"గ్రైండరు. ప్లగ్గు తీసి కింద పెట్టు. లుంగీ కట్టుకుని గ్రైండరు పడతావా? అంచు దానికి చుట్టుకుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

నవ్వాడు. "ఇది ఇల్లు బావా. పేంటు (ప్లాంటు) కాదు."

ఈ మాట నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో. గేటు లోపల గంటకోసారి బూట్ల లేసులు సరిచూసుకునే మనుషులు, ఇంటికి వచ్చి స్టూలు మీద స్టూలు వేసుకుని ఫ్యాను తుడుస్తారు. కర్మాగారంలో భయపెట్టే శబ్దాలుంటాయి, రాసిన బోర్డులుంటాయి, మాలాంటి వాళ్ళుంటారు. ఇంట్లో ఇవేవీ ఉండవు కాబట్టి ప్రమాదమూ ఉండదనుకుంటారు.

ట్యాంకుకి చిల్లు పడిందట, వెల్డింగ్ చేయించేస్తానన్నాడు. "ఖాళీ ట్యాంకే కదా," అన్నాడు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు లేకపోయినా ఆవిరి ఉంటుందనీ, నిప్పు తగిలితే నిండు ట్యాంకు కన్నా అదే ఘోరంగా పేలుతుందనీ చెప్పాను. అతనికి తెలియని విషయం కాదు. మొహం చూస్తే తెలిసింది, అప్పుడే గుర్తొచ్చిందని. ఆ ట్యాంకుని ఇద్దరం మోసుకెళ్ళి పెరటి చివర ఆరుబయట పెట్టాం. తర్వాత దాన్ని తుక్కు కొనేవాడికి, లోపల ఏముండేదో చెప్పి మరీ అప్పజెప్పాం. కొత్త ట్యాంకు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది.

ఆ రోజు ఒక్క నట్టు కూడా విప్పనివ్వలేదు. షెడ్డు మొత్తం ఖాళీ చెయ్యమన్నాను.

"కారు కట్టుకుంతానంటే కసువు తుడమంతన్నావేటి?" అని విసుక్కున్నాడు.

అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఖాళీ సేత్తే సేసినారు గానీ, ఆ కారు మాత్రం కదపకండి," అంది.

ఎందుకని చూస్తే, ఇంజిన్ ఉండాల్సిన చోట గడ్డి పరుచుకుని ఒక కోడిపెట్ట పొదుగుతోంది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ముక్కు చాపింది. దాన్ని లేపితే ఒప్పుకోనని ఆవిడ ఖాయంగా చెప్పేసింది. పిల్లలు పుట్టేదాకా కారు మీద చెయ్యి వెయ్యడానికి లేదు. నేను ఎంత చెప్పినా ఆగేవాడు కాదేమో, ఆ కోడి ఆపింది. సేఫ్టీ విభాగంలో నాకు దొరికిన సహోద్యోగుల్లో దాని మాటకి ఉన్న విలువ ఎవరి మాటకీ ఉండేది కాదు.

ఆ వ్యవధిలో షెడ్డు షెడ్డయింది. ఎగుడుదిగుడుగా ఉన్న నేలని సిమెంటుతో చదును చేయించాం. నీళ్ళ పొయ్యిని ఇంటికి అటువైపు మార్చాం. గాలి ఆడ్డానికి రెండువైపులా గోడ తెరిపించాం. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాం, ఏదైనా అంటుకుంటే తోసుకుని బయటపడేలా. గుమ్మం పక్కనే మంటలార్పే సిలిండరు, ఇసక బకెట్లు. ఎలక్ట్రీషియన్ని పిలిచి షెడ్డుకి విడిగా లైను, ఎర్తింగు వేయించాం. ఆ లైను మెయిన్ స్విచ్చి మాత్రం వంటింట్లో పెట్టించాను. దానికో చిన్న డబ్బా, డబ్బాకో తాళం.

కర్మాగారంలో మోటారు మీద పనిచేసేముందు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడే దగ్గర పెట్టుకుంటాడు. ఇక్కడ నేను దాన్ని తిరగేశాను. తాళంచెవి ఆవిడ దగ్గర ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఉంటేనే షెడ్డుకి కరెంటు. ఎవరూ లేనప్పుడు ఒంటరిగా పని చెయ్యకూడదన్నదే దాని అర్థం.

"అంటే నాను నా పెళ్ళాం పర్మిట్ తీసుకోవాలేటి?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ తీసుకోలేదేటి?" అంది ఆవిడ లోపల్నుంచి.

కోడి పిల్లల్ని వెంటేసుకుని కారు దిగిపోయింది. పని మొదలైంది. నేను వారం వారం సెలవు రోజున వెళ్ళేవాణ్ణి. లుంగీ పోయి పాత డ్యూటీ ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు వచ్చాయి. తుప్పు గీకాం, విప్పాం, కడిగాం. విప్పిన ప్రతి దానికీ ఫోటో తీసుకోమన్నాను. మొదట నవ్వి, తర్వాత బిగించేటప్పుడు ఆ ఫోటోలే చూసుకున్నాడు. మధ్యమధ్యలో ఆవిడ చేపల పులుసు వాసన షెడ్డులోకి వచ్చి మా ఇద్దరి చేతుల్లో పానాలూ ఆగిపోయేవి. నా ఉద్యోగంలో చివరి సంవత్సరం అది. సోమవారం డ్యూటీకి వెళ్తే కూడా మనసు దువ్వాడలోనే ఉండేది.

అప్పుడు గొడవైంది.

ఒక ఆదివారం వెళ్ళేసరికి షెడ్డు కప్పుకింద ఉన్న పైపుకి చైన్ పుల్లీ వేలాడుతోంది. దాంతో ఇంజిన్ ఎత్తి కారులో దింపుతాడట. ఆ పైపు రేకుల్ని మొయ్యడానికి వేసింది. అటూ ఇటూ కొస అతుకులు తుప్పు పట్టి ఉన్నాయి.

"ఇది బరువు మొయ్యదు బావా," అన్నాను.

"గాలికీ వానకీ ఆగింది. ఇంజిన్‌కి ఆగదేటి?"

"మన క్రేన్ మీద ఎంత బరువు ఎత్తొచ్చో రాసి ఉండేది. ఈ పైపు మీద ఎక్కడ రాసుందో చూపించు."

అతని మొహం మారింది. "ముప్పై ఏళ్ళు లోడెత్తినోణ్ణి నాను. నువ్వు కింద నించోని సూసినోడివి. నాకు సెప్తన్నావా?"

పానా బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేశాను. ఆ మాట నాకు తగిలిన చోట తగిలింది. సేఫ్టీవాళ్ళని కర్మాగారంలో అందరూ అనుకునేదే అది: పని చేసేది మేము, చూసేది వీళ్ళు. ఎవరెవరో అంటే దులుపుకుపోయేవాణ్ణి. అతనూ అన్నాడు.

తర్వాత వారం వెళ్ళలేదు. ఆ పై వారం కూడా. మా ఆవిడ గమనించి, "దువ్వాడలో కారు అయిపోయిందా?" అంది. అయిపోలేదన్నాను. ఆ ఆదివారం ఇల్లంతా దులిపించింది నాచేత.

ఒకనాడు మళ్ళీ ఫోను. "అన్నయ్యా, ఆ పుల్లీ ఆ మర్నాడే దించీసినాడు. మీకు సెప్పమంటే సెప్పడు. మీరొస్తారేమోనని ఆదివారం గేటు కాడే తిరుగుతన్నాడు. నాను సెప్పినానని అనకండి."

ఇక ఉండలేకపోయాను. గాజువాకలో ఒక దుకాణంలో బండిని ఎత్తి నిలబెట్టే ఇనప స్టాండ్లు తీసుకున్నాను, బరువు ఎంత మోస్తాయో ముద్ర వేసి ఉన్నవి. జాకీ అనేది ఎత్తడానికే. ఎత్తాక బండిని స్టాండ్ల మీద ఆనించాలి, లేకపోతే కిందకి దూరకూడదు. రాజీకి ఇంతకన్నా మంచి కానుక తోచలేదు. ఆదివారం పొద్దున స్కూటరు మీద కట్టుకుని బయల్దేరాను.

గేటు తీసే ఉంది. ఇంట్లో చప్పుడు లేదు. ఆవిడ చర్చికి వెళ్ళి ఉంటుందనుకున్నాను. షెడ్డుకి కరెంటు లేదన్నమాట, అతను ఖాళీగా కూర్చుని ఉంటాడు అనుకుంటూ పెరట్లోకి నడిచాను.

కారుని షెడ్డులోంచి బయటికి తోసుకొచ్చాడు, వెలుతురు కోసం. ముందురోజు కురిసిన వానకి మట్టి మెత్తగా ఉంది. కారు ఒక పక్క చక్రం ఊడదీసి నేలమీద పడుకోబెట్టి ఉంది. ఆ పక్కన జాకీ మీద నిలబడి ఉంది కారు. జాకీ కింద ఇటుక. కారు కిందనుంచి రెండు బూట్లు బయటికి కనిపిస్తున్నాయి.

జాకీకి కరెంటు అక్కర్లేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇటుక ఒక మూల అప్పటికే చిట్లింది. జాకీ నిటారుగా లేదు. చూస్తుండగా ఇంకొంచెం పక్కకి ఒరిగినట్టు అనిపించింది. గట్టిగా అరవాలని నోరు తెరిచాను, ఆపుకున్నాను. ఉలిక్కిపడి లేవబోతే తల తగిలి మొత్తం కదులుతుంది. స్టాండ్లు స్కూటరు మీదే ఉన్నాయి. విప్పే వ్యవధి లేదు.

పక్కన పడుకోబెట్టిన చక్రం కనిపించింది. వంగి, దాన్ని నేలమీదే నెడుతూ, కారు అంచు కిందకి తోశాను. మట్టిలో కూరుకుని సగంలో ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మళ్ళీ నెట్టాను. వెళ్ళింది.

"ఎవురది?" లోపలినుంచి అతని గొంతు.

"నేనే బావా," అన్నాను, ఎంత నెమ్మదిగా అనగలనో అంత నెమ్మదిగా. "చేతులు దేనికీ తగిలించకు. పైకి లేవకు. అలాగే వీపుమీద అటువైపుకి జరుగు. నిదానంగా."

ముప్పై ఏళ్ళు కిందనుంచి వచ్చే సైగలకి బరువు కదిపిన మనిషి. గొంతులో ఏముందో తెలిసిపోయింది. బూట్లు కదిలాయి. మట్టిలో వీపు జారుతున్న చప్పుడు. నేను అటువైపుకి తిరిగి వెళ్ళేలోపు ఇటుక విరిగింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. కారు ఒక్కసారి మూలిగినట్టు కిందకి దిగి, చక్రం మీద ఆగింది. తుప్పు రాలి పొడి లేచింది. ఆ పొడిలో నాకేమీ కనబడలేదు. పిలిస్తే పలకలేదు. నా జీవితంలో అంత పొడవైన క్షణం మరొకటి లేదు.

"ఉన్నానొరే," అన్నాడు. "కంట్లో తుప్పడింది."

బావా అని కాక ఒరే అనడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

తల, భుజాలు ఇంకా కారు అటు అంచు దాటలేదు. చక్రం మందమంత ఖాళీలో ఉన్నాయి. అటు చివరనుంచి చంకల కింద చేతులు వేసి లాగాను. ఇద్దరం వంటింటి మెట్ల మీద కూలబడ్డాం. అతని ఒళ్ళంతా మట్టి. నా మోకాళ్ళు చిరిగి రక్తం వస్తోంది, ఆ సంగతి తర్వాత చూసుకున్నాను. కోళ్ళు ఏమీ జరగనట్టు ఆ విరిగిన ఇటుక చుట్టూ పురుగులు ఏరుకుంటున్నాయి.

అతను ఆ ఇటుక కేసి చూస్తూ అన్నాడు.

"బ్రేకు పైపు ఎక్కడ కారతందో సూద్దారని దూరినాను. రెండు నిమిషాలే కదాని. కేబిన్‌లో ఉన్నప్పుడు కింద మడిసి నాకు కనబడేవోడు బావా. ఇక్కడ కిందున్నది నానే. నాకు నాను కనబళ్ళేదు."

నేను శిక్షణ తరగతుల్లో ఎన్నో మాటలు చెప్పాను. బోర్డుల మీద ఎన్నో రాయించాను. ఆ మాటకి దరిదాపుల్లోకి వచ్చింది ఒక్కటీ లేదు. పిల్లలూ, ఇంట్లో ఏదైనా కట్టాలని, విప్పాలని మీకూ ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుడుతుంది, పుట్టాలి కూడా. పానా పట్టుకునేముందు మీకు మీరు కనబడుతున్నారో లేదో చూసుకోండి. కనబడకపోతే మిమ్మల్ని చూసే మనిషిని ఒకర్ని పక్కన నిలబెట్టుకోండి.

"అసలు నీకు ఈ కారు పిచ్చేంటి బావా? కొనుక్కోవచ్చు కదా," అన్నాను.

"కొనుక్కున్న కారు ఎవుడో కట్టింది. ఆడు ఎటు తిప్పమంటే అటు తిప్పాల." కళ్ళు పులుముకుంటూ నవ్వాడు. "నా సర్వీసంతా పట్టాల మీదే గదా ఎల్లింది. ఈ గోడ కాణ్ణుంచి ఆ గోడ దాకా, ఆ గోడ కాణ్ణుంచి ఈ గోడ దాకా. ఒక్కపాలి నా సేత్తో నాను సేసినదాన్ని నాకు నచ్చినకాడికి తిప్పుకోవాలని. అంతే."

అంతలో గేటు చప్పుడైంది. ఆవిడ తెల్లచీరలో, చేతిలో బైబిలు సంచితో పెరట్లోకి వచ్చి నిలబడింది. ఒరిగిన కారుని చూసింది. చక్రాన్ని చూసింది. మొగుడి వీపుకంటిన మట్టిని చూసింది.

సంచి గట్టు మీద పెట్టి అతని ముందు కూర్చుంది. "సేతి ఏళ్ళు కదపండి," అంది. కదిపాడు. "మెడ తిప్పండి." తిప్పాడు. ఫోను లైటు వేసి కంట్లో చూసి, నీళ్ళు తెచ్చి కడిగింది. తర్వాత నా మోకాళ్ళు కడిగి మందు రాసింది. అంతా అయ్యాక లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మాకు ఏడుపు వినబడింది. ఇద్దరం తలలు వంచుకుని కూర్చున్నాం.

టీ తీసుకుని బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగా ఉంది.

"ఇంక ఒగ్గేత్తానే," అన్నాడు అతను. "తుక్కోడికి ఇచ్చీసీ."

"నానేటీ ఒగ్గేయమన్లేదు," అంది. నావైపు తిరిగింది. "ఆపితే ఆగే మడిసి కాదన్నయ్యా ఈయన. రేపు నాకు తెలియకండా ఇంకోటి ఎత్తుతాడు. నాకు నేర్పండి. ఏటి సూడాలో నాకు సెప్పండి. నాను సూసుకుంతాను."

ఆ రోజు నుంచి ఆ షెడ్డు ఆవిడది.

ఆవిడకి నేను నేర్పింది తక్కువ. ఆపరేషన్ థియేటర్లో కత్తెరలూ దూదీ పనికి ముందు, పనయ్యాక లెక్కపెట్టి సరిచూస్తారట. అదే పద్ధతి పానాల మీదకి తెచ్చింది. సాయంత్రం ఒక్క పానా తగ్గినా అది దొరికేదాకా మా ఇద్దరికీ టీ లేదు. కారుని ఎత్తాలన్నా దించాలన్నా ముందు, "కింద ఎవురు?" అని గట్టిగా అడిగేది. "ఎవురూ నేరు!" అని అతను జవాబు చెప్పాలి. మనసులో అనుకుంటే కుదరదు, నోటితో చెప్పాలి. ఒకసారి కింద పిల్లి ఉందని పని మొత్తం ఆపించింది. క్రేన్ ఆపరేటరు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పిల్లి లేచేదాకా నిలబడ్డాడు, నోరెత్తకుండా.

ఇంజిన్ని ఎత్తడానికి మెకానిక్కు దగ్గర చక్రాల మీద నడిచే చిన్న క్రేన్ అద్దెకి తెచ్చాం. దాని పిడి తిప్పుతున్నప్పుడు అతని మొహం చూడాలి. ఇంజిన్ తన చోట్లోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దిగింది. ఇసుమంత చప్పుడు కూడా రాలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ మాత్రం, "బోల్టులు బిగించండి, తరవాత మురుద్దురు," అంది.

ఈలోగా నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, మాటలు చెప్పారు. సేఫ్టీవాడి వీడ్కోలు సభలో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. జరగనివాటికి ఫోటోలుండవు కదా. అతను వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. మాట్లాడమంటే రానన్నాడు. నా మోకాలికేసి చూసి కళ్ళతో నవ్వాడు. నాకది చాలు.

మర్నాటినుంచి రోజూ దువ్వాడే. గాజువాక వెల్డరొకాయన వచ్చి పైపులతో చట్రం అతికాడు. బ్రేకులు ఒకసారి వేశాం, నాకు నచ్చక విప్పించి మళ్ళీ వేయించాను. రెండు సీట్లు, వాటికి బెల్టులు. పైన కప్పు లేదు. రంగు ఏం వెయ్యాలన్న దానిమీద మొగుడూ పెళ్ళాలు వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి పసుపు. ఎవరు నెగ్గారో చెప్పక్కర్లేదు.

రోడ్డు మీద నడపాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. ఇంట్లో కట్టిన బండికి అది తేలిగ్గా దొరకదని అడిగి తెలుసుకున్నాం. అతను కుంగిపోతాడనుకున్నాను. "నాకు రోడ్డొద్దు బావా, ఇంత సదునైన నేల సాలు," అన్నాడు.

ఆ నేల ఆషాఢంలో దొరికింది. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి సబ్బవరం దారిలో ఒక కల్యాణ మండపం బళ్ళు నిలిపే స్థలం ఖాళీగా పడి ఉంది. చుట్టూ ప్రహరీ గోడ. యజమాని మాకు తెలిసినవాడే. కారుని మినీ లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాం. పెట్రోలు అక్కడికి వెళ్ళాకే, ఆరుబయటే పోశాం. మంటలార్పే సిలిండరు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. సన్నగా తుంపర పడుతోంది.

ఇంజిన్ మొదటిసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, తర్వాత అందుకుంది. ఆ మోత విని అతను స్టీరింగు మీద తల ఆనించేశాడు. కాసేపు అలాగే ఉన్నాడు. మేమెవరమూ తొందరపెట్టలేదు. ముందు నాలుగడుగులు కదిపి బ్రేకు వేయమన్నాను. ఆగింది. మళ్ళీ కదిపి మళ్ళీ వేయమన్నాను. ఆగింది. అప్పుడు వెళ్ళమని చెయ్యి ఊపాను.

వెళ్ళాడు. గోడదాకా వెళ్ళి తిప్పాడు, తిప్పి ఇంకోవైపు తిప్పాడు. మైదానం మధ్యలో ఊరికే వంకరలు తిరిగాడు, చిన్నపిల్లాడు నేలమీద బొగ్గుతో గీసినట్టు. పెద్దగా ఏదో అరుస్తున్నాడు గానీ మాటలు కావు అవి. నా పక్కన నిలబడ్డ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

తనివితీరా తిప్పి మా ముందు తెచ్చి ఆపాడు. "ఎక్కవే," అన్నాడు భార్యతో.

"మీరు దిగండి," అంది ఆవిడ.

అతను అర్థంకాక చూశాడు. ఆవిడ చేతిసంచిలోంచి ఒక కార్డు తీసి చూపించింది. డ్రైవింగ్ లైసెన్సు. ఆసుపత్రి దగ్గర్లో డ్రైవింగ్ స్కూలు ఉందట. డ్యూటీ దిగాక నేర్చుకుందట, కారు పడిపోయిన ఆ నెల్లోనే మొదలుపెట్టి. ఈ విషయం నాకూ తెలియదు.

"ఓలమ్మో," అన్నాడు. దిగాడు.

ఆవిడ చీర సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. అటూ ఇటూ, వెనక్కీ చూసింది. "రండన్నయ్యా, ఎక్కండి. మీరెప్పుడూ పక్కన నించోడమే గదా," అంది. నేను సిలిండరు అతని చేతికిచ్చి ఎక్కాను.

కారు జర్కు లేకుండా కదిలింది. తుంపర మొహానికి తగులుతోంది. అద్దం లేదు, కప్పు లేదు, సింహాచలం కొండ మీద మబ్బు కిందకి దిగి ఉంది. మొదటి మలుపు దగ్గర వెనక్కి చూస్తే, అతను సిలిండరు ఎత్తిపట్టుకుని వానలో మా వెనకే పరిగెడుతున్నాడు. నోరు ఆడుతోంది. మెల్లిగా అనో, బ్రేకు అనో, గోడ అనో అయి ఉంటుంది.

"ఏటంతన్నాడన్నయ్యా ఆయన? వినబడతందా?" అంది ఆవిడ, ముందుకే చూస్తూ.

"లేదమ్మా, ఇంజిన్ మోత."

"నాకూ వినబళ్ళేదు," అని గేరు మార్చి, ఇంకో రౌండు తిప్పింది.